పొలమారిన చోట

వయసులో ఉన్నప్పుడు నా గొంతుకి మంచి పేరుండేది. నాకు కాదు, గొంతుకే. సినిమా హాల్లో అసలు బొమ్మకి ముందు పావుగంట డాక్యుమెంటరీ ఒకటి వేసేవారు, గుర్తుందా? జనం చీకట్లో సీట్లు తడుముకుంటూ, ఒకరి కాళ్లు ఒకరు తొక్కుకుంటూ, సోడాల వాణ్ణి కేకేస్తూ ఉంటే తెర మీద ఆనకట్టలు, ట్రాక్టర్లు, నవ్వే రైతులు వరసగా వచ్చి వెళ్లేవారు. వాటి వెనకాల ఒక ఆడగొంతు తెలుగులో వివరాలు చెప్పేది. ఆ గొంతు నాదే. పేజీ పొడుగు వ్యాఖ్యానమైనా గుక్కతిప్పుకోకుండా చదివేస్తానని స్టూడియోలో చెప్పుకునేవారు. మా డైరెక్టరు గారికి ఖాళీ అంటే గిట్టదు. "మనం ఆపితే జనం మొదలుపెడతారమ్మా" అనేవారు.

ఆ పావుగంటల పుణ్యమా అని దేశం గురించి నాకు చాలా తెలిసింది. కాశ్మీరు వాళ్లు శాలువాలు నేస్తారు. రాజస్థాన్ వాళ్లు ఒంటెల మీద పోతూ వెనక్కి తిరిగి నవ్వుతారు. కేరళ వాళ్లు పడవ దిగరు. అడవుల్లో ఉండేవాళ్లు నాట్యం చేస్తారు. ఇంకే పనీ ఎవరికీ ఉండదు. ఒకసారి తెలుగు పల్లె మీద తీసినదానికి "తెలుగింటి ఇల్లాలు పొద్దు పొడవకముందే ముంగిట ముగ్గు తీర్చిదిద్దుతుంది" అని చదివాను. ఇంటికొచ్చి చూసుకుంటే మా వాకిట్లో ముగ్గు లేదు. అసలు నాకు ముగ్గే రాదు. మర్నాటి నుంచి కూర్చుని నేర్చుకున్నాను. అంత పెద్ద తెర మీద, అదీ నా గొంతుతోనే చెప్పాక, కాదనడానికి నేనెవరిని?

అరకు మీద కూడా ఒకటి చదివాను, నలభై ఏళ్ల కిందట. అరకు ముఖం చూడకుండానే చదివాను. డైరెక్టరు గారూ కెమెరా వాళ్లూ వెళ్లొచ్చారు. నా ముందు పెట్టినవి రెండు కాగితాలు, గ్లాసుడు నీళ్లు. ఆ నీళ్లే కొంప ముంచాయి. చదువుతూ చదువుతూ ఒక గుక్క తాగబోతే పొలమారింది. కళ్లు తేలేసి దగ్గాను. తర్వాత ఆ దగ్గు కత్తిరించారు గానీ, అక్కడ కొన్ని క్షణాలు నా గొంతు లేకుండా ఖాళీ మిగిలిపోయింది. మళ్లీ చదివిద్దామంటే స్టూడియో సమయం అయిపోయింది. డైరెక్టరు గారు వారం రోజులు నాతో మాట్లాడలేదు.

మా అమ్మాయి ఆ పాత రీలు ఎక్కడో పట్టుకుని, నా అరవై అయిదో పుట్టినరోజుకి ఫోనులో వేసి ఇచ్చింది. చూసి మురిసిపోయాను. ఆ తర్వాత కొంచెం సిగ్గేసింది. అంత ధాటిగా వర్ణించిన చోటు ఒక్కసారీ చూడలేదు కదా అని, మొన్న నవంబరులో బయల్దేరాను.

గాజు పెట్టెలో

తోడుకి మా ఆడపడుచు పార్వతిని పిలిచాను. సాలూరు మనిషి. వాళ్లాయన లారీలు తిప్పేవాడు గనక ఆ కొండదారులన్నీ తనకి పెరటితో సమానం. అయినా "గాజు రైలెక్కనేదు వదినా, అదొక్కటీ ఎక్కించేయ్" అని విశాఖపట్నం దాకా దిగి వచ్చింది.

గాజు పైకప్పు పెట్టెలో కుర్చీలు ఎటు కావాలంటే అటు తిరుగుతాయి. పార్వతి అరగంటలో దాన్ని పది చుట్లు తిప్పి, తల తిరుగుతోందని నిమ్మకాయ వాసన చూస్తూ కూర్చుంది. సొరంగం వచ్చినప్పుడల్లా పెట్టె పెట్టంతా "ఓ..." అని అరుస్తారు. పిల్లలే అనుకున్నాను మొదట్లో. మా ముందు సీట్లో ఒక బ్యాంకు ఉద్యోగి, మెడలో మఫ్లరు చుట్టుకున్న పెద్దమనిషి, అందరికంటే గట్టిగా అరిచి, వెలుగు రాగానే ఏమీ ఎరగనట్టు పేపరు తెరిచేవాడు. మూడో సొరంగానికి నేనూ అరిచాను. హాయిగా ఉంది.

కొండలు కనబడగానే నా నోరు ఊరుకోలేదు. పాత అలవాటు. "పచ్చని కొండల ఒడిలో, పాలనురుగు లాంటి మంచు దుప్పటి కప్పుకుని..." అని మొదలుపెట్టాను. పార్వతి జామకాయ కొరుకుతూ నా వైపు చూసింది.

"వదినా, ఈ రైలు అన్ని టేసన్లలో ఆగుతంది. నీ నోటికి ఒక్క టేసనూ నేదేటి?"

పసుపు చేలో మేక

మర్నాడు వలిసె చేలు చూడబోయాం. వలిసె నూనెగింజల పంట. నవంబరులో కొండవాలంతా పసుపు పూలు. గట్టు మీద గొడుగు కింద స్టూలు వేసుకుని రైతు కూర్చున్నాడు. చేలో దిగి ఫోటో తీసుకోవడానికి మనిషికి ముప్పై రూపాయలట. మా వైపు పైరులో అడుగుపెడితే కర్ర పట్టుకుని తరుముతారు. ఇక్కడ టిక్కెట్టిస్తున్నారు. "గింజల మీద కంటే మీ కాళ్ల మీదే ఎక్కువొస్తంది" అని నిజం దాచకుండా చెప్పాడాయన.

పక్కనే గిరిజన వేషం అద్దెకిచ్చే పాక ఉంది. వంద రూపాయలకి ఎర్రంచు పసుపు చీర మోకాళ్ల పైకి కట్టి, పూసల దండలు వేసి, కొప్పులో ఈక, బంతిపువ్వు పెడతారు. నా సినిమాలో ఆడవాళ్లు కట్టింది అచ్చం అదే చీర. నాకు ఒళ్లు పులకరించింది. చూశారా, తరతరాల సంప్రదాయం చెక్కుచెదరలేదు అనుకున్నాను.

పార్వతి కట్టించుకుంది. అద్దె చీర పొడవు మా పార్వతి చుట్టుకొలతకి చాలలేదు. రెండు చీరలు కలిపి పిన్నీసులు పెట్టారు. రెండొందలు. చేలో నిలబెట్టి నేను ఫోను సరిచేసుకునేలోపు వెనక నుంచి ఒక మేక వచ్చి కొప్పులో బంతిపువ్వు నమిలేసింది. ఫోటోలో పార్వతి కంటే మేక బాగా పడింది.

చీర విప్పుతున్న పాకావిడని అడిగాను, "ఇంట్లో కూడా ఇలాగే కడతారామ్మా?" అని.

"నైటీ ఏసుకుంటానమ్మా," అందావిడ. "ఇది కట్టుకోని కొండెక్కితే పనేటి అవుద్ది?"

మైకులో నా వాక్యం

ఆ సాయంత్రం మేం దిగిన రిసార్టులో బొంగు చికెన్ పెట్టి థింసా ఆడించారు. ఆడవాళ్లు ఒకరి వెనక ఒకరు చేతులు పెనవేసుకుని, గొలుసులా ఒంగుతూ లేస్తూ చుట్టూ తిరిగే ఆట అది. అందరివీ ఎర్రంచు పసుపు చీరలే. బొంగులో ఉడికిన కోడి ముక్క నోట్లో పెట్టుకున్నానో లేదో, మైకులో ఒక అమ్మాయి మొదలుపెట్టింది.

"పచ్చని కొండల ఒడిలో, పాలనురుగు లాంటి మంచు దుప్పటి కప్పుకుని, కల్లాకపటం ఎరగని ఈ అడవిబిడ్డలు..."

ముక్క గొంతుకడ్డం పడింది. పార్వతి మోచేత్తో పొడిచింది. "ఓలమ్మా, నీ టేపు ఇక్కడికెలాగొచ్చినాది వదినా?"

ఆట అయ్యాక ఆ అమ్మాయిని పట్టుకున్నాను. పేరు జానకి. ఇరవై ఏళ్లుంటాయి. దగ్గర్లోని తుమ్మిగుడ వాళ్లదట. పగలు డిగ్రీ కాలేజీ, శనాదివారాలు ఈ మైకు. "ఆ మాటలు నావమ్మా. నలభై ఏళ్ల కిందట అరకు సినిమాకి నేనే చదివాను" అన్నాను, కొంచెం కాలరెత్తుకునే. నాకు కాలరు లేదనుకోండి.

"మేనేజరు గారు కాయితం ఇచ్చినారు, సదివేస్తన్నాను" అంది. అంతలో ఏదో తట్టినట్టు నా చెయ్యి పట్టుకుంది. "ఏ సినిమా? వానల్లో వచ్చి తీసినారు, అదేనా? మీకాడ ఉన్నాదా?"

ఫోనులో ఉందన్నాను. జానకి అక్కడే మెట్టు మీద కూలబడింది. ఆ సినిమాలో ముందు నిలబడి పాట ఎత్తుకున్నది వాళ్ల మామ్మ సొనాయికి తల్లి అట. తీసినవాళ్లు మళ్లీ రాలేదు, బొమ్మ ఎవరూ చూడలేదు. ఆ మరుసటేడు ఆవిడ జ్వరంతో పోయింది. ఒక్క ఫోటో కూడా లేదు.

"మామ్మకి ఆలమ్మ మొకం గురుతున్నాది. గొంతు మరిసిపోనాదంట. ఎంత తలుసుకున్నా రాదంటది. ఒక్కపాలి ఇంటే సాలమ్మా. రేపు వత్తారా?"

రాకుండా ఎలా ఉంటాను? పాటలతో పాటు నా గొంతు కూడా వింటారు కదా అని లోపల ఒక ముచ్చట. దాచడమెందుకు, ఉంది.

తుమ్మిగుడలో అంబలి

జీపు దిగి అరకోసు నడిచాం. సొనాయి కాఫీ తోటలో పళ్లు ఏరుతోంది. నాకంటే చిన్నదే, యాభై దాటి ఉంటాయి. నడుముకి బుట్ట, ఒంటి మీద నైటీ, దాని మీద మనవడి చొక్కా. మమ్మల్ని చూసి చేతులు కడుక్కుని వచ్చి, మాటా పలుకూ లేకుండా ఆనపబుర్రలోంచి సోడి అంబలి, అదే రాగి జావ, గ్లాసుల్లోకి వంచి ఇచ్చింది. మా ఇళ్లలో చుట్టాన్ని "కాఫీనా, టీయా" అని మూడుసార్లు అడుగుతాం, వద్దంటారేమోనన్న ఆశతో. ఇక్కడ అడగరు. తాగేదాకా మాట్లాడరు కూడా. పుల్లగా, చల్లగా, నడిచొచ్చిన ప్రాణానికి ఎంత బాగుందో!

"ఇంత తోట పెట్టుకుని కాఫీ తాగరా?" అని అడిగాను.

"అమ్మడానికమ్మా అది," అంది సొనాయి. "సేదుగుంటాది. మీరెలాగ తాగుతారో మరి."

సినిమా తీసిన రోజు గురించి తనే చెప్పింది. అప్పుడు తనకి పదమూడేళ్లు. సోడి చేలో కలుపు తీస్తుంటే జీపులొచ్చాయి. థింసా పెళ్లిళ్లకీ, చైత్రమాసం పండగకీ ఆడేది. వానాకాలం కలుపు రోజుల్లో ఎవరాడతారు? ఆడాలన్నారు. బురద కాళ్లు కడిగించారు.

"పెట్టిలో సీరలు తెచ్చినారమ్మా, పట్నం నుంచి. అన్నీ ఒక్కలాటివే, పసుపు. మాకాడ అసుమంటి సీరలు అప్పటికి నేవు. కట్టించినారు, ఆడించినారు, ఆట అవగానే ఇప్పించి, మడతెట్టి, లెక్కెట్టుకోని పట్టుకుపోనారు. నాకు ఏడుపొచ్చినాది, సీర మీద ఆశతోటి."

పార్వతి నిన్నటి పిన్నీసులు గుర్తొచ్చి నా వైపు చూసింది. నేను అంబలి గ్లాసులోకి చూశాను. నా ఒళ్లు పులకరింపజేసిన తరతరాల సంప్రదాయం విశాఖపట్నంలో ఏదో బట్టల కొట్లో పుట్టిందన్నమాట. వీళ్లని చూసి సినిమా తీశారనుకున్నాను. సినిమాలోని చీరల్ని చూసి ఇప్పుడు వీళ్లు తయారవుతున్నారు. నేను ముగ్గు నేర్చుకున్నట్టే.

"ఇప్పుడా సీర కట్టకపోతే టూరిస్టులు మేం నిజం గిరిజనులం కాదంటారు" అంది జానకి. నాకూ తనకీ ఒకేసారి నవ్వొచ్చింది.

స్టీలు గిన్నెలో సినిమా

ఇంట్లోకి వెళ్లి తలుపు చేరేశాం, వెలుగుకి బొమ్మ కనబడదని. పదిమంది దాకా పోగయ్యారు. ఫోను చప్పుడు చాలకపోతే జానకి దాన్ని స్టీలు గిన్నెలో నిలబెట్టింది. గిన్నెలోంచి నా పాతికేళ్ల గొంతు ఖంగున మోగింది.

"కల్లాకపటం ఎరగని ఈ అడవిబిడ్డలు..."

వెనక నుంచి ఒక ముసలాయన "ఇంకోపాలి ఎట్టండి" అన్నాడు. పెట్టాం. "మా బావమరిది నా ఆవుని సంతలో అమ్మీసి మూడేళ్లయినాది. ఆడిని పిలుసుకొత్తాను, ఈ మాట ఆడు ఇనాల" అన్నాడు. ఇల్లంతా నవ్వులు. నేనూ నవ్వాను. నా వాక్యానికి సినిమా హాల్లో ఎప్పుడూ అంత స్పందన రాలేదు.

అంతలో తెర మీద ఆడవాళ్ల వరస వచ్చింది. మొదట నిలబడ్డ పొడుగాటి మనిషిని చూసి సొనాయి "అమ్మ" అని వేలు పెట్టింది. వేలు తగలగానే బొమ్మ ఆగిపోయింది. జానకి నడిపించింది. సొనాయి మళ్లీ వేలు పెట్టింది. మళ్లీ ఆగింది. మూడోసారికి జానకి వాళ్ల మామ్మ రెండు చేతులూ తన చేతుల్లో పట్టుకుని కూర్చుంది.

తల్లి నోరు తెరిచింది. పాడుతోంది. అదే క్షణంలో నేను అందుకున్నాను.

"ప్రకృతి మాతను కీర్తిస్తూ వీరు పాడే ఈ మధుర గీతం, తరతరాలుగా ఈ కొండల్లో ప్రతిధ్వనిస్తూ..."

పాట ఉంది, నా గొంతు కింద, ఎక్కడో అడుగున. గోడ అవతల పాడుతున్నట్టు. సొనాయి గిన్నె దగ్గరికి చెవి పెట్టింది. నేను ఆపడం లేదు. ప్రకృతి అంటున్నాను, పరవశం అంటున్నాను, అమాయకత్వం అంటున్నాను. తల్లి పెదాలు కదులుతున్నాయి, మాటలన్నీ నావే వస్తున్నాయి.

"అమ్మా," అంది సొనాయి నావైపు తిరిగి, ఎంతో మర్యాదగా. "నీ గొంతు ఓపాలి తగ్గించీమ్మా. మా అమ్మది ఇంటాను."

జానకి తగ్గించింది. రెండూ తగ్గాయి. పెంచింది. రెండూ పెరిగాయి. "రెండూ ఒక్కటైపోనాయి మామ్మా. ఇడదియ్యడం అవదు" అని చెప్పింది. సొనాయి తలూపింది. మళ్లీ అడగలేదు. ఆ అడగకపోవడం నేను భరించలేకపోయాను. నా గొంతంటే నాకు జీవితంలో మొదటిసారి అసహ్యమేసింది. ఎవరైనా ఆ పిల్ల నోరు మూయిస్తే బాగుండునని, పాతికేళ్ల నన్ను, పళ్లు కొరుక్కున్నాను.

అప్పుడు మూశారు.

"...ఈ కొండ కోనల్లో వీరి జీవనం..." అని నా గొంతు టక్కున ఆగింది. గిన్నెలోంచి ఒక్కసారిగా ఆవిడ గొంతు బయటికొచ్చింది. బొంగురుగా, బలంగా, కొంటెగా. రెండే రెండు పాదాలు. అవ్వగానే మళ్లీ నేను "...నిత్య వసంతం" అంటూ మీద పడ్డాను.

అప్పుడు సొనాయి పకపకా నవ్వడం మొదలుపెట్టింది. ముసలాయన తొడ చరిచాడు. ఆడవాళ్లు ఒకరి మీద ఒకరు పడి నవ్వుతున్నారు. పాట వాళ్లు ఇళ్లలో మాట్లాడుకునే ఒడియాలో ఉంది, నాకు అర్థం కాక, ఏమిటని జానకిని కుదిపాను. నవ్వాపుకోలేక ముక్కలు ముక్కలుగా తెలుగులో చెప్పింది.

"గొడుగు కింద గుమ్మడికాయ నడిసొచ్చినాది. దానికి మా సోడిసేనుతో ఏటి పని, అడగండర్రా, అని."

ఆ గుమ్మడికాయ మా డైరెక్టరు గారు. నున్నటి గుండు. వానలో గొడుగు లేకుండా అడుగు వేసేవారు కాదు. కలుపు పని మానిపించి ఆడమన్నాడని ఆవిడ అక్కడికక్కడే కట్టి, ఆయన ముందే, ఆయన కెమెరాలోకే పాడిన పాట అది. దాన్నే నేను ప్రకృతి మాత కీర్తన చేసి, దేశంలోని తెలుగు హాళ్లన్నిటికీ వినిపించాను.

సొనాయి నవ్వుతూనే ఉంది. కళ్లలోంచి నీళ్లు మాత్రం ధారగా కారుతున్నాయి. తుడుచుకోలేదు. "ఇదే. ఇదే గొంతు" అంది. "ఇలాగే తిట్టీది నన్ను కూడా."

మళ్లీ పెట్టించుకుంది. మళ్లీ. ఎన్నిసార్లో తెలియదు. ప్రతిసారీ ఆ రెండు పాదాలూ అవగానే నా గొంతు విరుచుకుపడేది, జానకి గబుక్కున వెనక్కి తిప్పేది. కాసేపటికి ఆ సమయం కచ్చితంగా తెలిసిపోయి, నేను నోరు తెరిచేలోపే ఆపేయడం నేర్చుకుంది. నలభై ఏళ్లలో నన్ను అంత చక్కగా ఆపినవాళ్లు లేరు.

బయటికొచ్చాక జానకితో అన్నాను, "ఆ కాగితం చింపి పారెయ్యమ్మా" అని.

"పారేస్తే మైకు ఇంకోలికిస్తారు," అంది నవ్వి. "ఉండనీండి. ఆ సోట మాత్రం నానూ ఆగుతాను. ఎనకాల మా ఓల్లు ఈ పాట ఎత్తుకుంటారు. టూరిస్టులకి ఎలాగూ తెలదు కదా."

జీపు ఎక్కబోతుంటే సొనాయి వెనకాలే వచ్చింది. "అన్నీ అంత బేగి బేగి సదివినావు. ఆ ఒక్క సోట ఎందుకు ఆగినావమ్మా?" అని అడిగింది.

నీళ్లు తాగబోతే పొలమారిందని, దగ్గొచ్చిందని, దానికి తిట్లు కూడా తిన్నానని చెప్పాను.

"పొలమారిందంటే ఎవులో తలిసినట్టు కదేటి వదినా" అంది పార్వతి, అలవాటుగా.

సొనాయి ఒక క్షణం నా ముఖంలోకి చూసింది. పొలమారిన పిల్లకి తట్టినట్టు, నా నడినెత్తి మీద అరచేత్తో మెల్లగా తట్టింది.

"మా అమ్మే తలిసుంటాది," అంది. "ఇంకో రెండుపాల్లు తలిసుంటే బాగుండును."